"చుట్టాలు వస్తామన్నారు": బాడుగ ఇంటి దగ్గర 'లేదు' అనే మాట వెనక ఏముంటుంది

సంక్రాంతి పోయిన వారానికి మా మిద్దె మీది పోర్షను ఖాళీ అయింది. కడపలో ఎర్రముక్కపల్లె వైపు మా ఇల్లు. గేటుకు టులెట్ బోర్డు కట్టిన రెండో రోజే ఒక జంట వచ్చింది. ఏడు రోడ్ల కూడలి దగ్గర సాయంత్రం పూట నూడుల్స్ బండి పెట్టుకునే నేపాలీ వాళ్లు. ఆయన చెప్పులు గేటు బయటే విడిచి లోపలికి వచ్చాడు. ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. మేం అడక్కముందే అందులోంచి కాగితాలు తీసి పట్టుకుంది.

"అడ్వాన్సు ఎంత చెప్తే అంత ఇస్తాం అక్కా" అన్నాడాయన, తెలుగులోనే.

మా అమ్మ ఒక్క క్షణం ఆగి, "మా చుట్టాలెవరో వస్తామన్నారు నాయనా, కనుక్కోని చెప్తాం" అంది.

చుట్టాలెవరూ వస్తామనలేదు. ఆ మాట వాళ్లకు కొత్త కాదని వాళ్లు తలూపిన తీరులోనే తెలిసింది. ఆమె కాగితాలు మళ్లీ కవర్లో పెట్టి, కవరు మూతి రెండు మడతలు వేసి, చంకలో పెట్టుకుంది.

ఆ కవరు నాకు బాగా తెలుసు. 2017లో జపాన్‌లోని కవాసాకిలో అట్లాంటిదే పట్టుకుని ఇంటి కోసం తిరిగాను. మా నాయనకు ఇంకా బాగా తెలుసు. పంతొమ్మిదేళ్లు కువైట్‌లో ఉండి వచ్చిన మనిషి. పరాయి దేశంలో తలదాచుకోను ఇంత చోటు కోసం మాటపడిన వాళ్లం ఒకే ఇంట్లో ఇద్దరం ఉండి, మా గేటు దగ్గరే ఆ మాట అనిపించాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కడప నుంచి, రాయచోటి నుంచి, రాజంపేట నుంచి పిల్లలు ఇంకా బయటికి పోతూనే ఉన్నారు. ఒకప్పుడు కువైట్ మాటే వినపడేది, ఇప్పుడు జపాన్, జర్మనీ కూడా. పోయే ముందు నాకు ఫోన్ చేసి అడిగే మాట ఒకటే: "అన్నా, ఇల్లు ఇస్తారా మనకు?" ఇస్తారు. కానీ వద్దనేది ఎవరో, ఎందుకంటారో ముందే తెలిసి ఉంటే సగం తిరుగుడు తప్పుతుంది, మనసుకు తగిలే దెబ్బ కూడా కొంత తగ్గుతుంది. అందుకే ఈ చిక్కును పోగు పోగుగా విడదీసి రాస్తున్నాను.

కవాసాకిలో ఒక మధ్యాహ్నం

ఇళ్లు చూపించే ఏజెన్సీ అది. రోడ్డు మీదికి అద్దాల తలుపు, దానికి లోపలి నుంచి అంటించిన ఇంటి ప్లాను కాగితాలు. ఏజెంటు కుర్రాడు మర్యాదస్తుడు. చల్లటి బార్లీ టీ ఇచ్చాడు. నాకు నచ్చిన తొమ్మిది ఇళ్ల కాగితాలు బల్ల మీద పరిచి, ఒక్కోదానికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. ప్రతి ఫోన్‌లోనూ మొదటి మాట ఒకటే: "కస్టమర్ విదేశీయుడండీ, పర్వాలేదా?" నా ఉద్యోగం ఏమిటి, జీతం ఎంత, ఎంతమంది ఉంటాం, ఇవన్నీ తర్వాత. అవతలి గొంతు నాకు వినపడేది కాదు. అతను పళ్ల సందుల్లోంచి గాలి లోపలికి పీలుస్తూ తల ఒక పక్కకు వంచేవాడు. ఆ చప్పుడు వినగానే అర్థమైపోయేది. ఫోన్ పెట్టేసి, కాగితం బోర్లించి పక్కన పెట్టేవాడు. టీ గ్లాసు ఖాళీ అయ్యేసరికి బోర్లించినవి ఏడు, మిగిలినవి రెండు.

ఎవరూ నన్ను తిట్టలేదు. అందరూ "క్షమించండి" అన్నారు. మీద పడి కొట్లాడటానికి ఎదురుగా మనిషే లేడు. జపాన్‌లో ఇంటి వివక్ష ఎక్కువగా ఇట్లాగే ఉంటుంది.

ఇది నా ఒక్కడి కథ కాదు. జపాన్ న్యాయ మంత్రిత్వ శాఖే 2016 చివర్లో ఆ దేశంలోని విదేశీయులను అడిగి, 2017 మార్చిలో ఫలితాలు బయటపెట్టింది. అంతకు ముందు ఐదేళ్లలో ఇల్లు వెతికిన వాళ్లలో 39.3 శాతం మందికి విదేశీయులన్న కారణంగా ఇల్లు ఇవ్వలేదు. హామీగా నిలబడే జపాన్ జాతీయుడు లేడని 41.2 శాతం మందికి ఇల్లు దక్కలేదు. 'విదేశీయులకు ఇవ్వబడదు' అని రాసి ఉండటం చూసి 26.8 శాతం మంది ఆ ఇంటి మీద ఆశ వదులుకున్నారు. ఈ మూడింటిలో రెండో అంకెను గట్టిగా పట్టుకోవాలని నా సలహా. కాగితంతో కొంతవరకైనా తీర్చగలిగిన అడ్డంకి అదే.

ఆ 'లేదు' నలుగురి చేతుల మీదుగా వస్తుంది. అందరూ ఒకేలా వద్దనరు. మొదటి చెయ్యి ఓనరుది. చాలా చోట్ల వయసు మళ్లినవాళ్లు, బ్యాంకు అప్పుతో కట్టుకున్న ఒకే ఒక చిన్న బిల్డింగు. ఓనరుకు ఉండే భయాలు మన ఊరి ఓనర్లకు ఉండేవే: చెప్పాపెట్టకుండా దేశం విడిచిపోతే బాకీ ఎవరు కడతారు, ఒకరికిస్తే నలుగురు చేరతారేమో, చెత్త ఏ రోజు ఏ రకం వేయాలో తెలుస్తుందా, పక్కింటివాళ్లు ఏమంటారు. రెండో చెయ్యి బిల్డింగు బాగోగులు చూసే కంపెనీది. దాని భయం వేరు. అర్ధరాత్రి పైపు పగిలితే విదేశీయుడు ఫోన్ చేస్తాడు, ఏం చెబుతున్నాడో తమకు అర్థం కాదు. మూడోది 'హోషో గైషా', అంటే డబ్బు తీసుకుని హామీ నిలబడే కంపెనీ. జపాన్ వాళ్లకు కూడా ఇప్పుడు ఎక్కువ ఇళ్లకు ఇది తప్పనిసరి. దానికి కావలసింది నీ ఆదాయం, వీసా గడువు, అక్కడే ఉండే ఒక మనిషి ఫోన్ నంబరు. నాలుగోది ఏజెంటుది. అందరికన్నా కనపడని చెయ్యి ఇదే. ఎట్లాగూ వద్దంటారని తనే అనుకుని, కొన్ని కాగితాలు నీ ముందు పెట్టనే పెట్టడు.

దీన్ని ఎందుకింత విడమరచి చెబుతున్నానంటే, ఏ చేతి దగ్గర ఆగిందో తెలిస్తేనే మందు తెలుస్తుంది. హామీ కంపెనీ దగ్గర ఆగితే ఇంకో హామీ కంపెనీతో మళ్లీ వేయమని అడగొచ్చు. ఒక కంపెనీ కాదన్నంత మాత్రాన ఆ ఇంటి తలుపు మూసుకున్నట్టు కాదు. బిల్డింగు చూసే కంపెనీ భాష గురించి భయపడుతుంటే, జపనీస్ వచ్చిన ఆఫీసు మిత్రుడి నంబరు అత్యవసర నంబరుగా ఇస్తామని మనమే ముందు చెప్పాలి. నాకు ఎనిమిదో ఇల్లు అట్లాగే దక్కింది. ఏజెంటు మళ్లీ ఫోన్ చేసి, "మాట్లాడాల్సి వస్తే మాట్లాడే మనిషి ఉన్నాడట" అన్నాడు. అవతల కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఏజెంటు నా వైపు తిరిగి బొటనవేలు పైకెత్తాడు. ఓనరుకే విదేశీయులంటే గిట్టకపోతే మాత్రం మందు లేదు. అక్కడ బతిమాలి ఒప్పించి ఇంట్లో చేరినా, రేపు కుళాయి కారితే అదే మనిషిని అడగాలి. ఆ ఇల్లు వదిలేయడమే మేలు.

డబ్బు సంగతి కూడా ముందే తెలుసుకుని పోవాలి. 'షికికిన్' అనేది మన అడ్వాన్సు లాంటిది. ఖాళీ చేసినప్పుడు మరమ్మతులకు పట్టుకుని మిగతాది ఇస్తారు. 'రెయికిన్' అంటే ఓనరుకు మర్యాదగా ఇచ్చే డబ్బు, అది తిరిగి రాదు. ఏజెంటుకు చట్టం ప్రకారం మొత్తం మీద ఒక నెల బాడుగ, దాని మీద పన్ను కన్నా ఎక్కువ ఇవ్వక్కర్లేదు. హామీ కంపెనీ ఫీజు, అగ్ని బీమా, తాళం మార్చే ఖర్చు, మొదటి నెల బాడుగ వీటి మీద. చేరేనాటికి నాలుగు నుంచి ఆరు నెలల బాడుగ చేతిలోంచి పోతుంది. ఇది వివక్ష కాదు, అక్కడ అందరికీ ఇంతే. రెంటినీ కలిపేసుకుని కుమిలిపోయిన కుర్రవాళ్లను చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇక ఎవరి దయా అక్కర్లేని దారి ఒకటుంది. అర్బన్ రెనైసాన్స్ అనే ప్రభుత్వ సంస్థ ఇళ్లు, అందరూ యూఆర్ అంటారు. అక్కడ హామీ మనిషి అడగరు, రెయికిన్ లేదు, ఏజెంటు ఫీజు లేదు, రెండేళ్లకోసారి రెన్యువల్ ఫీజు లేదు. తగిన నివాస హోదా ఉన్న విదేశీయులకూ ఇస్తారు, ముందు వచ్చినవాళ్లకు ముందు. సాధారణంగా బాడుగకు నాలుగు రెట్ల జీతం చూపాలి, లేదా బాడుగకు నూరు రెట్లు బ్యాంకులో ఉండాలి. బిల్డింగులు పాతవి, స్టేషన్‌కు దూరం. అయినా మొదటిసారి పోయే కుటుంబానికి నేను ముందు చెప్పేది ఇదే.

చట్టం ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ ఆదుకోదు

"కేసు వేయొచ్చు కదా" అంటారు. ఇంటి విషయంలో జాతి వివక్ష చూపితే ఇంత శిక్ష అని సూటిగా చెప్పే జాతీయ చట్టం జపాన్‌లో లేదు. జాతి వివక్ష నిర్మూలనకు ఐక్యరాజ్య సమితి చేసిన ఒప్పందంలో ఆ దేశం 1995లో చేరింది. 2016లో ద్వేష ప్రసంగాల మీద ఒక చట్టం తెచ్చింది కానీ దాంట్లో శిక్షలు లేవు. అందుకని అన్యాయం జరిగినవాళ్లు సాధారణ సివిల్ చట్టం కింద నష్టపరిహారం అడగాలి.

అడిగి గెలిచినవాళ్లు ఉన్నారు. 1993లో ఒసాకా జిల్లా కోర్టు, జపాన్‌లోనే స్థిరపడిన కొరియా జాతీయుడికి ఇల్లు నిరాకరించిన ఓనరును పరిహారం కట్టమంది. ఒప్పందం మాటలు అంతదూరం వచ్చాక జాతీయత చూపించి వెనక్కి పోవడం నమ్మకద్రోహం అన్న లెక్కలో. 1999లో హమమత్సులో నగల షాపు నుంచి బయటికి పంపించబడిన బ్రెజిల్ మహిళ గెలిచింది. 2002లో సప్పోరో జిల్లా కోర్టు, 'విదేశీయులకు ప్రవేశం లేదు' అన్న ఒతారు స్నానశాలను ముగ్గురు ఫిర్యాదీలకు ఒక్కొక్కరికి పది లక్షల యెన్లు కట్టమంది. ఆ కేసులోనే నగరపాలక సంస్థ బాధ్యతను మాత్రం ఒప్పుకోలేదు.

ఒసాకా తీర్పులో మనకు పనికొచ్చే కిటుకు ఒకటుంది. మాటలు ఎంత దూరం వచ్చాయో రుజువు ఉండాలి. అందుకే ఏజెంటుతో మాట్లాడేది మెయిల్‌లో ఉండేట్టు చూసుకోవాలి. "ఎందుకు కాదన్నారో ఒక్క ముక్క రాసి పంపుతారా?" అని మర్యాదగా అడగాలి. చాలాసార్లు ఆ అడగడంతోనే ఏజెంటు ఇంకోసారి ప్రయత్నం చేస్తాడు. నేనున్న కవాసాకిలో ఇంకో ఆసరా ఉండేది. విదేశీయుడనో, ముసలివాళ్లనో, వికలాంగులనో ఇల్లు నిరాకరించకూడదని ఆ ఊరు 2000 నాటికే సొంతంగా నిబంధన పెట్టుకుంది, హామీ దొరకని వాళ్లకు సాయం చేసే పద్ధతీ పెట్టింది. నేను ఈ సంగతి తెలుసుకున్నది ఇల్లు దొరికిన ఏడాదికి. మీరు పోయే ఊళ్లో ఏముందో వార్డు ఆఫీసులో ముందే అడగండి. చేరిన 14 రోజుల్లో చిరునామా నమోదుకు ఎట్లాగూ అక్కడికి పోవాలి.

పేరు దగ్గర పడే ముడి

ఇది మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే ఇబ్బంది. ఇంటిపేరు ముందు, పేరు వెనక మన వాడుక. పాస్‌పోర్టులో ఒక్కొక్కరిది ఒక్కో తీరు: కొందరికి ఇంటిపేరు గడి ఖాళీ, కొందరికి పేరంతా ఒకే గడిలో, కొందరికి రెండూ తిరగబడి. జపాన్ నివాస కార్డు మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే వస్తుంది. బ్యాంకులో మాత్రం పేరును వాళ్ల కటకానా అక్షరాల్లో, లెక్కపెట్టిన గళ్లలో రాయాలి. నా పేరు గళ్లు దాటిపోయింది. బ్యాంకు క్లర్కు చివరి రెండు అక్షరాలు కోసేసింది. ఆ తర్వాత హామీ కంపెనీ కాగితంలో పూర్తి పేరు, బ్యాంకు ఖాతాలో కోసిన పేరు. ఇద్దరూ వేర్వేరు మనుషులేమో అని దరఖాస్తు వెనక్కి వచ్చింది. అది వివక్షే అనుకుని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు నేను. కోసిపోయిన రెండు అక్షరాలు కారణమని మూడో రోజు తెలిసింది.

కాబట్టి కడప విడిచే ముందే పాస్‌పోర్టు, పాన్, సర్టిఫికెట్లలో పేరు ఒకే క్రమంలో ఉండేట్టు చేసుకోండి. అక్కడ దిగాక కటకానాలో పేరు ఎట్లా రాయాలో ఒక్కసారి నిర్ణయించుకుని, కాగితం మీద రాసి జేబులో పెట్టుకుని, ప్రతి చోటా అదే రాయండి.

రోజువారీ ముళ్లు

రైల్లో పక్క సీటు ఖాళీగా ఉండిపోవడం. నాలుగేళ్లు ఉన్నాక కూడా రెండు ముక్కలు మాట్లాడితే "అబ్బా, జపనీస్ ఎంత బాగా వచ్చో" అనడం. సైకిల్ తొక్కుకుంటూ పోతే పోలీసు ఆపి సైకిల్ నీదేనా అని అడగడం. నివాస కార్డు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని అక్కడ చట్టమే ఉంది, లేకపోతే రెండు లక్షల యెన్ల దాకా జరిమానా. కానీ ముఖం చూసి ఆపడం వేరే సంగతి. దాని మీదే 2024 జనవరిలో ముగ్గురు టోక్యో కోర్టుకు ఎక్కారు.

వీటిలో దేనికి బదులు చెప్పాలి, దేన్ని పోనివ్వాలి? ఈ ప్రశ్నకు నేను అయిదారు సంవత్సరాలు తీసుకున్నాను. నా తూకం ఇది: నా డబ్బు, నా చోటు, నా పిల్లల బడి, నా ఒంటి భద్రత, ఈ నాలుగింటిలో ఒకదానికి తగిలితే ఆగి అడుగుతాను, తేదీతో రాసి పెట్టుకుంటాను. ఖాళీ సీటును పోనిస్తాను, బ్యాగు పెట్టుకోను పనికొస్తుంది. పోలీసు ఆపితే కార్డు చూపించి, "ఎందుకు ఆపారో చెబుతారా?" అని అడుగుతాను. గొంతు పెంచను. మనం గొంతు పెంచితే తప్పు మనదే అయిపోతుంది, అది అన్ని దేశాల్లోనూ ఒకటే. ఇంకొకటి, ఇంటికి ఫోన్ చేసినప్పుడు అన్నీ బాగున్నాయని అబద్ధం చెప్పొద్దు. ఒక్కరికైనా నిజం చెప్పుకోవాలి. మా నాయన పంతొమ్మిదేళ్లు ఎవరికీ చెప్పుకోలేదు. దాని బరువు ఎంతో మా ఇంట్లో చూశాం.

కువైట్‌లో బ్యాచిలర్ అంటే ఎవరు

జపాన్‌లో 'లేదు' అనేది గుసగుసగా వస్తే, కువైట్‌లో అది నియమంగానే ఉంటుంది. కువైటీల కుటుంబాలు ఉండే నివాస ప్రాంతాల్లో బ్యాచిలర్లకు ఇల్లు ఇవ్వకూడదు. పెళ్లయి ఇద్దరు పిల్లలున్నా, భార్య కడపలో ఉంటే ఆ లెక్కలో బ్యాచిలరే. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే జీతం పరిమితి దాటాలి, డ్రైవరు జీతం దాటదు. దాంతో దేశ జనాభాలో మూడింట రెండు వంతులు విదేశీయులే అయినా, ఒంటరి కూలీలంతా ఫర్వానియా, జ్లీబ్, మంగాఫ్, మహబూలా లాంటి కొన్ని చోట్ల కుక్కుకుని ఉండాల్సి వస్తుంది. అక్కడ బాడుగకు దొరికేది గది కాదు, మంచం. బెడ్‌స్పేస్ అంటారు.

మా నాయన మొదట ఖాదిం వీసా, అంటే ఇంటి పనివాళ్ల వీసా మీద పోయి, కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) ఇంటి వెనక గదిలో ఉన్నాడు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే. ఇంటి పనివాళ్ల పాస్‌పోర్టు యజమాని పట్టుకోకూడదని 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం చెబుతుంది. మా నాయన పోయిన రోజుల్లో అదీ లేదు. తర్వాత కంపెనీ వీసాకు మారి ఫర్వానియాలో ఒక మంచం తీసుకున్నాడు. రెండంతస్తుల ఇనుప మంచాలు నాలుగు, ఒకే గదిలో ఎనిమిది మంది. కింది మంచం ఆయనది. చుట్టూ పాత దుప్పటిని బట్టల క్లిప్పులతో కట్టుకుంటే అదే గోడ. ఆ దుప్పటి లోపల ఒక చిన్న ఫ్యాను, మా ఫోటో, మందుల డబ్బా.

అట్లాంటి గదుల్లో ప్రాణం ఎంత తేలికగా పోతుందో 2024 జూన్ 12న మంగాఫ్‌లో చూశాం. కూలీలు ఉండే ఆరంతస్తుల బిల్డింగుకు తెల్లవారుజామున నిప్పంటుకుని 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. ఆ రోజు రాయలసీమలో ఎన్ని ఇళ్లలో ఫోన్లు మోగాయో, ఎత్తేదాకా ఎంతమంది ఊపిరి బిగబట్టారో నాకు తెలుసు. ఆ తర్వాత తనిఖీలు పెరిగాయి. ఇరుకు గదులు ఖాళీ చేయించడం మంచిదే. కానీ ఖాళీ చేసినవాడు ఎక్కడ పడుకోవాలన్నది తనిఖీకి వచ్చినవాడు చెప్పడు. బతాకాలో, అంటే అక్కడి గుర్తింపు కార్డులో, చిరునామా తప్పుగా ఉంటే మళ్లీ అదొక చిక్కు. అందుకే కువైట్ పోయేవాళ్లకు ఒకటే చెబుతాను: ఏ గదిలో ఉన్నా ఆ చిరునామాతోనే బతాకా ఉండేట్టు చూసుకోండి, అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి), పాస్‌పోర్టు ఫోటోలు ఇంట్లోవాళ్ల ఫోన్‌లో కూడా ఉంచండి.

జపాన్, కువైట్ రెండింటిలోనూ ఒక పోలిక నాకు చాలా ఆలస్యంగా కనపడింది. మా ఆఫీసులో చాలామంది ఇంటి గొడవ పడలేక కంపెనీ పేరు మీద తీసుకున్న ఫ్లాట్లలో చేరేవాళ్లు. హాయిగానే ఉంటుంది. కానీ ఉద్యోగం పోయిన రోజే ఇల్లూ పోతుంది. కఫీల్ ఇంటి వెనక గదికి, ఈ ఫ్లాటుకు సౌకర్యంలో నింగికీ నేలకీ ఉన్నంత తేడా ఉంది. తలుపు తాళం మాత్రం రెండు చోట్లా జీతం ఇచ్చేవాడి చేతిలోనే ఉంది. వీలున్నప్పుడు సొంత పేరు మీద ఇల్లు తీసుకోమని నేను పట్టుబట్టేది అందుకే.

మన గేటు దగ్గర

మా ఇంటికి నడిచిపోయేంత దూరంలో సి.పి. బ్రౌన్ పేరిట గ్రంథాలయం ఉంది. బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చి ఇక్కడే బంగళా, తోట కొనుక్కుని, పండితులను పెట్టుకుని తెలుగు పుస్తకాలు సేకరించాడు. ఆయనా విదేశీయుడే. ఇల్లు ఇవ్వడానికి ఎవరూ వెనకాడి ఉండరు, ఏలేవాళ్ల మనిషి కాబట్టి. 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ తెరుచుకున్నాక పెనుకొండ దారిలో కొరియా భాషలో బోర్డులు వచ్చాయి, వాళ్ల తిండికి హోటళ్లు వచ్చాయి. వెనక కంపెనీ ఉన్న విదేశీయుడికి, నూడుల్స్ బండి ఉన్న విదేశీయుడికి ఒకే గేటు ఒకేలా తెరుచుకోదు. మనం పరాయివాడని భయపడేది చాలావరకు పేదవాణ్ని చూసి.

మా అమ్మకు ఉన్న భయాలను కూడా విడదీసి చూశాను. మొదటిది పోలీసులు. "బయటి దేశపోళ్లను పెట్టుకుంటే స్టేషన్‌కు పిలుస్తారంట గదా" అంది. ఇందులో కొంత నిజం ఉంది. విదేశీయులకు బస ఇచ్చినవాళ్లు 24 గంటల్లో అధికారులకు తెలపాలి. అందరూ ఫారం సి అనేది దాన్నే, ఆన్‌లైన్‌లో నింపొచ్చు. 180 రోజులకు మించిన వీసా మీద వచ్చినవాళ్లు సాధారణంగా వచ్చిన 14 రోజుల్లో నమోదు చేయించుకోవాలి. జిల్లాల్లో ఆ పని ఎస్పీ ఆఫీసుది. 2025 సెప్టెంబరు 1 నుంచి పాత విదేశీయుల చట్టాల స్థానంలో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, ఓనరు తెలపాల్సిన బాధ్యత మాత్రం పోలేదు. ఒక ఫారం నింపితే తీరే భయం ఇది. ఫారం నింపడం తెలియక మనిషినే వద్దనుకుంటున్నాం.

నేపాల్ వాళ్ల సంగతి ఇంకా తేలిక. 1950లో రెండు దేశాలు చేసుకున్న స్నేహ ఒప్పందం వల్ల వాళ్లకు ఇక్కడ ఉండటానికి, పని చేసుకోవడానికి వీసా అక్కర్లేదు. ఆమె కవర్లో ఉన్నది వాళ్ల దేశపు పౌరసత్వ పత్రం. మేం తీసి చూడనుకూడా లేదు. పైగా డార్జిలింగ్ నుంచో, మణిపూర్ నుంచో వచ్చిన మన దేశపు మనిషిని కూడా ముఖం చూసి నేపాలీ అనో, చైనా అనో అనేస్తాం. సొంత దేశంలో విదేశీయుడు కావడం అంటే అదే.

రెండో భయం నాలుగు గోడల మధ్యే ఉంటుంది, దాని పేరు ఎవరూ పైకి అనరు. "మీరేమిట్లు?" అన్న ప్రశ్న అది, అంటే మీ కులమేమిటని. కడపలో కాని, కర్నూల్లో కాని, అనంతపురంలో కాని టులెట్ బోర్డు చూసి ఫోన్ చేసినవాళ్లకు ఎన్ని గదులు కావాలి అనే ముందు ఈ ప్రశ్న వస్తుంది, లేదా "వెజ్జా, నాన్‌వెజ్జా" అనే ముసుగులో వస్తుంది. కవాసాకి ఏజెంటు "విదేశీయుడు, పర్వాలేదా?" అన్నదానికీ దీనికీ ఏం తేడా లేదు. చెప్పాలంటే జపాన్ ఏజెంటు నా కులం అడగలేదు. అక్కడి తెలుగువాళ్ల గ్రూపుల్లో ఇల్లు పంచుకునే దగ్గర మాత్రం అడిగారు.

మన చట్టం ఏమంటుంది? రాజ్యాంగం 14వ అధికరణం చట్టం ముందు సమానత్వాన్ని 'ఏ వ్యక్తికైనా' అంటుంది కాబట్టి విదేశీయులకూ వర్తిస్తుంది. 15వ అధికరణం పౌరులకు మాత్రమే. దుకాణాలు, హోటళ్లు, బావులు లాంటి చోట్ల వివక్ష కూడదంటుంది కానీ ప్రైవేటు ఇంటి బాడుగ మాట అందులో లేదు. 2005లో అహ్మదాబాద్‌లోని ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం తమ మతస్తులకే అన్న నియమాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది. కాబట్టి ప్రైవేటు ఓనరు వద్దంటే చాలా సందర్భాల్లో సూటిగా పట్టుకునే చట్టం మనకూ లేదు. ఒక్క ముఖ్యమైన మినహాయింపు ఉంది, ఇది చాలామందికి తెలియదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్, అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా ఒకరు ఇంట్లో నివసించడాన్ని అడ్డుకుంటే శిక్షించదగిన నేరం అంటుంది. "మీరేమిట్లు?" అని తేలికగా అడిగేసే ఓనరు ఏ గీత దగ్గర నిలబడి ఉన్నాడో తెలుసుకుని అడగాలి.

మూడో భయం, ఖాళీ చేయరేమో అన్నది. పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకునేది మనందరం చేసేదే. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ కావాలి, అందుకని పదకొండు. అది ఊరివాళ్లకూ బయటివాళ్లకూ ఒకటే.

ఇవన్నీ అమ్మకు చెప్పాను. "నువ్వు చెప్పేది బాగానే ఉంది గానీ" అని ఆగిపోయింది. మా నాయన అప్పటిదాకా టీవీ చూస్తున్నాడు. చూస్తూనే, "ఫర్వానియాలో నా మంచం పోయినప్పుడు నాలుగు దినాలు కార్లో పండుకున్న్యా" అన్నాడు. అమ్మ ఆయన వైపు తిరిగింది. "ఎప్పుడు?" అంది. "పిల్లోడు పదో తరగతిలో ఉన్నప్పుడు. నీకు జెప్పలే" అన్నాడు. ఆ సంవత్సరం నాకు గుర్తుంది. ప్రతి శుక్రవారం ఫోన్ చేసి, గది బాగుంది, ఏసీ ఉంది అనేవాడు.

మర్నాడు సాయంత్రం నాయనే నడుచుకుంటూ ఏడు రోడ్ల వైపు పోయాడు. అరగంటకు తిరిగొచ్చాడు, చేతిలో నూడుల్స్ పొట్లం. డబ్బులు తీసుకోలేదంట.

అగ్రిమెంటు నేనే రాయించాను. పేరు వాళ్ల కార్డు మీద ఉన్నట్టు అక్షరం అక్షరం చూసి రాయించాను, ఎవరికీ చివరి రెండక్షరాలు కోయకుండా. మొన్న ఆదివారం వాళ్లు రెండు ట్రంకు పెట్టెలు, ఒక గ్యాస్ స్టవ్వు తెచ్చుకుని చేరారు. అమ్మ మెట్ల దగ్గర నిలబడి ఆమెకు చెబుతోంది: "మోటరు పొద్దన్నే ఆరింటికి వేస్తాం. పది నిమిషాలే వస్తాయి నీళ్లు. డ్రమ్ము పెద్దది కొనుక్కోండి." ఆమె ఫోన్ తీసి ఆరింటికి అలారం పెట్టుకుంది.